ఎవరూ చెప్పని పూట

రెబెక్కా సిస్టర్ ఫోన్ చేసేసరికి నా చేతుల నిండా సబ్బు నురగ. మామయ్యగారికి ఎడమ చెంప గీయడం అయింది, కుడి చెంప మిగిలింది. వరండాలో పేము కుర్చీలో, మెడ చుట్టూ తువ్వాలుతో, సగం తెల్లగా సగం నున్నగా కూర్చుని ఆయన ఎదురింటి గోడ కేసి చూస్తున్నారు. "ఎవరో చూడు సంయుక్తా, నేను లేవలేను," అన్నారు అత్తయ్యగారు లోపలి గదిలోంచి. రిసీవరుకు నురగ అంటకుండా కొంగుతో పట్టుకుని ఎత్తాను.

"హాలు ఇచ్చారమ్మా," అన్నారు సిస్టర్. హలో కూడా లేదు. "చర్చి కమిటీ ఒప్పుకుంది. ఆదివారం తప్ప అన్ని రోజులూ, పొద్దుటి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ దాకా మనదే. రేపే మొదలు. ఆటో కూడా మాట్లాడేశాను, మన పేషెంట్లందరినీ ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని మదీనాగూడ తీసుకొస్తాడు. మాట్లాడవేం? లైన్లో ఉన్నావా?"

ఉన్నాను. ఆ రోజు మధ్యాహ్నం ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాలి. దానికోసం పొద్దున్నే ముదురు రంగు చీర కట్టుకున్నాను, కొంగుతో కళ్ళు తుడుచుకున్నా మరక కనిపించదని.

"ఇంకో మాట," అన్నారు సిస్టర్. "ఆరు ఇళ్ళవాళ్ళం ఉన్నాం. రోజుకు ఒక ఇంటి నుంచి ఒకరు నాతో ఉంటే చాలు. మిగతా వాళ్ళు ఆ పూట వాళ్ళ పనులు చూసుకోవచ్చు. శనివారం మీది. ఎవరొస్తారో ఇంట్లో మాట్లాడుకోండి."

ఫోన్ పెట్టేసి వరండాలోకి పరుగెత్తాను. మామయ్యగారి కుడి చెంప మీద బ్లేడు ఆనించబోయి, ఆగి, నవ్వేశాను. ఆయన నా ముఖం చూసి తనూ నవ్వారు. ఎందుకో ఆయనకు తెలియదు. తెలియకపోవడం ఆ నవ్వుకు ఏమీ అడ్డం రాలేదు.

అత్తయ్యగారు నడుముకు బెల్టు బిగించుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. చెప్పాను. ఆవిడ గుమ్మాన్ని పట్టుకుని, "పొద్దుటి పూట నడుం వాలిస్తే మిగతా పూట నేను చూసుకోగలను. అయితే నువ్వు మానక్కర్లేదా?" అన్నారు.

మానమన్నది ఆవిడే. కాదు, అలా అనడం అన్యాయం. మా ఇంట్లో ఎవరూ మానమనలేదు. ఎవరూ అనకుండానే ఆ మాట అందరి నోళ్ళలోంచీ కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. అత్తయ్యగారి నడుములో డిస్కు జారి, డాక్టరు మంచం దిగొద్దన్న రోజున "ఇంక ఆయన్ని ఎవరు చూస్తారో" అని ఆవిడ పైకప్పుతో అన్నారు. విజయవాడ నుంచి మా ఆడపడుచు రాజరాజేశ్వరి వదిన ఫోన్లో "ఉద్యోగం ఎక్కడికి పోతుందమ్మా, ఇవాళ కాకపోతే రేపు. నాన్న ముఖ్యం కదా. నేనే దగ్గరుంటే నీకీ బాధ ఉండేదా?" అంది. మా ఆయన జశ్వంత్ నా జడ చివర వేలికి చుట్టుకుంటూ, "కొన్నాళ్ళే కదా సంయూ. ఈ రెండువేల సంవత్సరం గొడవ అయిపోనీ. ఆఫీసులో అందరం కంప్యూటర్లలో తేదీలు దిద్దుకుంటూ కూర్చున్నాం, ఊపిరాడటం లేదు," అన్నాడు. అందరూ ఎంత ప్రేమగా అన్నారంటే, చివరికి "నేనే మానేస్తాను లెండి" అన్నది నేనే. ఆ మాట అనగానే ఇల్లంతా తేలికపడింది. నాకు మాత్రం ఆ వారమంతా ఆ తేలిక రాలేదు. ఇప్పుడు గుమ్మం దగ్గర అత్తయ్యగారి ముఖం చూస్తే, ఆవిడకూ ఆ తేలిక రాలేదని తెలిసింది.

నాకు సంతోషం తొందరగా వస్తుంది. మా అమ్మ దాన్ని పిచ్చి అంటుంది. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. గదిలో అద్దం కింద రెండు దువ్వెనలు పక్కపక్కన ఉండటం చూసి ఇప్పటికీ ఒక్కోసారి నిలబడిపోతాను. జశ్వంత్ ఒకరోజు ఆఫీసులో కాఫీ మిషను దగ్గరి కాగితం కప్పు నలిగిపోకుండా చేతిలో పట్టుకొచ్చి నాకు చూపించాడు. మీట నొక్కితే కాఫీ పడుతుందట. ఆ కప్పులో మెంతులు వేసి మొలకలు తెప్పించాను. ఒక ఆదివారం స్కూటర్ మీద మాదాపూర్ తీసుకెళ్ళి, బండరాళ్ళ మధ్య కొత్తగా లేచిన ఆ గుండ్రటి గాజు భవనం చూపించి, "అదిగో, ఆ వరసలో చివరి కిటికీ, అది నాది," అన్నాడు. గుండ్రటి భవనానికి చివర ఎక్కడుంటుంది? "ఆ, కనిపించింది," అన్నాను. వచ్చేటప్పుడు దారంతా ఆ కిటికీ నాది కూడా అన్నట్టు కూర్చున్నాను స్కూటర్ మీద.

అసలు నేను ఇతన్ని చేసుకున్నదే చాలా చిన్న కారణానికి. కాకినాడలో మా ఇంటికి పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు, అత్తయ్యగారు కూర్చుంటూనే "ఇవాళ ఆయనకు మౌనవ్రతం" అన్నారు. అంతలోనే మామయ్యగారు నా కేసి చూసి "నీ పేరేంటమ్మా?" అని అడిగారు. చెప్పాను. ఉప్మా రెండు చెంచాలు తిన్నాక మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. మూడోసారి అడిగేసరికి మా బాబాయి దగ్గాడు, అత్తయ్యగారు తల దించుకున్నారు. జశ్వంత్ మాత్రం తండ్రి గడ్డానికి అంటిన ఉప్మాను తన చేతిరుమాలుతో తుడిచి, అందరూ వినేట్టు, "మౌనవ్రతం కాదండీ. నాన్నగారు ఇరిగేషన్‌లో ఇంజనీరు. వానలో మియాపూర్ దగ్గర స్కూటర్ మీంచి పడ్డారు, తలకు దెబ్బ తగిలింది. కొత్తవాళ్ళను చూస్తే పేరు మళ్ళీ మళ్ళీ అడుగుతారు. మీరు విసుక్కోకుండా చెప్పారు, థాంక్స్," అన్నాడు. వాళ్ళు వెళ్ళాక మా వాళ్ళంతా రెండు గంటలు తర్జనభర్జన పడ్డారు. నేను అప్పటికే ఆ చేతిరుమాలును పెళ్ళి చేసేసుకున్నాను.

పెళ్ళయ్యాక ఆ చేతిరుమాలు నా చేతికి వచ్చింది. ఎవరూ ఇవ్వలేదు, వచ్చింది. అప్పటిదాకా ఆదివారం ఆదివారం తండ్రికి గడ్డం గీసేది జశ్వంతే. గోళ్ళు తీసేది, స్నానానికి నీళ్ళు తోడేది, సాయంత్రం వీధి చివరిదాకా నడిపించేది అతనే. నేను వచ్చిన మొదటి నెలలో ముచ్చటపడి ఒకసారి గీశాను. "నీ చేయి మెత్తన సంయూ, నాన్నకు నువ్వు గీస్తేనే ఇష్టం," అన్నాడు. నాకెంత గర్వమో. ఆ గర్వంలోనే గోళ్ళు వచ్చాయి, నీళ్ళు వచ్చాయి, వీధి చివరి నడకా వచ్చింది. ఒకరోజు గదిలోకి వచ్చాక "నువ్వు నాన్నను నడిపించి ఎన్నాళ్ళయిందో తెలుసా?" అన్నాను నవ్వుతూనే. "అయ్యో, చెప్పొచ్చు కదా. చెబితే చేసేవాణ్ణి కదా," అన్నాడు. నిజమే, చెబితే చేస్తాడు. చాలా మంచివాడు. ఆ రాత్రి ఎందుకో నాకు ఆ మంచితనం సరిపోలేదు. సరిపోకపోవడం నా తప్పేమో అనుకుని పడుకున్నాను.

మామయ్యగారికి కాళ్ళూ చేతులూ బాగానే ఆడతాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు "బాగానే ఉన్నారుగా, మళ్ళీ ఆఫీసుకు పంపొచ్చు," అని అరటిపళ్ళు పెట్టి వెళ్ళిపోతారు. ఆయనకు పోయింది మొదలుపెట్టడం. కొత్తవాళ్ళ పేరు అడగడం తప్ప, ఏదీ ఆయనంతట ఆయన మొదలుపెట్టరు. అన్నం పెడితే దాని కేసి చూస్తూ కూర్చుంటారు. "కలుపుకోండి" అంటే కలుపుతారు. "తినండి" అంటే తింటారు. "లేవండి" అనేదాకా ఎండిన చేత్తో అలాగే ఉంటారు. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు రాత్రి దుప్పటి కప్పుకునేదాకా అత్తయ్యగారు పక్కన నిలబడి చెబుతూనే ఉండాలి. నడిరాత్రి లేచి "బాత్రూముకు వెళ్ళండి" అని చెప్పేది కూడా ఆవిడే. "బండి బాగానే ఉందమ్మా, కిక్ కొట్టడమే మర్చిపోయారు. మీ అత్తగారు మూడేళ్ళుగా కిక్ కొడుతున్నారు, ఆవిడ నడుము పోక ఏమవుతుంది?" అన్నారు రెబెక్కా సిస్టర్, మేము మొదటిసారి వెళ్ళినప్పుడు.

సిస్టర్ పెద్దాసుపత్రిలో నర్సు. ఆవిడ తమ్ముడు కిరణ్ పాల్‌కు కూడా ఇలాగే దెబ్బ తగిలింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశాక ఈ ఇళ్ళలో ఏమవుతుందో ఎవరూ చూడరని, మదీనాగూడలో తన అపార్ట్‌మెంటు సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వారానికోసారి అందరినీ పిలిచేవారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. దాని పేరు ఆగడం. దెబ్బ తిన్న మనుషుల ముందు తలా ఒక గ్లాసు టీ పెడతారు. ఇంటివాళ్ళు ఎదురుగా కూర్చోవాలి. తాగమని చెప్పకూడదు. చేత్తో చూపకూడదు. కళ్ళతో కూడా చెప్పకూడదు. టీ చల్లారి మీగడ కట్టినా సరే, వాళ్ళంతట వాళ్ళు గ్లాసు అందుకునేదాకా ఆగాలి. వినడానికి తేలిక. మా అత్తయ్యగారు ఒక్కసారి వచ్చి, కాసేపటికే గ్లాసును వేలితో ఆయన వైపు జరిపి పట్టుబడిపోయారు. "నావల్ల కాదు సిస్టర్, నోరు మూసుకుంటే చేయి లేస్తోంది," అన్నారు. నేను పెదవి కొరుక్కుని కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం మామయ్యగారు గ్లాసు ఎత్తి ఒక్క గుక్క తాగారు. సెల్లార్ అంతా చప్పట్లు. ఆయన బెదిరిపోయి గ్లాసు దించేశారు.

గోపన్‌పల్లి నుంచి సక్కుబాయి వచ్చేది, లారీ మీంచి పడ్డ భర్త బాలనర్సయ్యను తీసుకుని. ఆగే సమయంలో అందరికంటే నిమ్మళంగా కూర్చునేది ఆమే. "నీకెట్లా వచ్చింది సక్కుబాయీ ఇంత ఓపిక?" అని అడిగాను.

"ఓపికేంది బిడ్డా. నా మొగడు దెబ్బ తగలకముందు గూడ గిట్లనే ఉండె. చెప్పకపోతె చెంబు గూడ ముట్టకపోవు. అప్పుడు మొగోడు అన్నరు, ఇప్పుడు పేషెంటు అంటున్రు. గంతే ఫరక్," అంది.

కడుపు పట్టుకుని నవ్వాం. కిరణ్ పాల్ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాతో ఇంటికి వచ్చి, ఎక్కడో మూలన కూర్చుండిపోయింది.

తర్వాత అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు సెల్లార్ ఖాళీ చేయమన్నారు. పిల్లలు భయపడుతున్నారట. ఆ పిల్లలు కిరణ్ పాల్‌తో క్యారమ్స్ ఆడేవాళ్ళు, అతను కావాలని ఓడిపోతాడని పోట్లాడేవాళ్ళు. అయినా మేము కుర్చీలు ఎత్తేశాం. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారి నడుము పోయింది. ఆ పైన నా ఉద్యోగం వంతు.

అందుకే ఆ శుక్రవారం నేను అమీర్‌పేట బస్సులో ఎవరిదో బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని దారంతా గాజులు గలగలలాడించాను. ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రోజు లూప్ చెప్పాలి. ఒక పని ఆగమని చెప్పేదాకా తిరుగుతూనే ఉంటుంది అని బోర్డు మీద గీసి, ఎవరికీ అర్థం కాని నవ్వు ఒకటి నవ్వాను. మధ్యాహ్నం మేనేజరు "ఏదో మాట్లాడాలన్నారు మేడమ్?" అని అడిగితే "రేపు శనివారం బ్యాచ్‌కు చాక్‌పీసులు తెప్పించండి," అన్నాను. సాయంత్రం మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని, దారిలో ఒకటి తినేసి, నాలుక మండుతుంటే ఇల్లు చేరాను. ఆకుపచ్చగా, పుల్లగా, కారంగా ఉద్యోగం నా నోట్లోనే ఉన్నట్టుంది.

జశ్వంత్ ఆఫీసు వ్యాను దిగి వచ్చేసరికి దీపాలు పెట్టేశాం. చెప్పగానే కుర్చీలో కూలబడి "అబ్బ, బతికాం" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు చూశాను. "చూశావా, ఏదో ఒక దారి దొరుకుతుందని నేను చెప్పలేదూ?" అన్నాడు. చెప్పలేదు. ఫరవాలేదు, అంత సంతోషంలో ఎవరు చెప్పారన్నది ఎందుకు.

నలుగురం భోజనాలకు కూర్చున్నాం. మామయ్యగారి కంచంలో అన్నం, పప్పు, దొండకాయ వేపుడు పెట్టాను. ఆయన చూస్తున్నారు. అత్తయ్యగారు నోరు తెరవబోతున్నారు.

"రేపు మనింటి వంతు," అన్నాను నేను. "ఎవరో ఒకరు మామయ్యగారితో వెళ్ళి అక్కడ ఉండాలట, మధ్యాహ్నం దాకా."

"అవును కదా. నువ్వు ఇన్‌స్టిట్యూట్‌లో పర్మిషన్ తీసుకున్నావా మరి?" అన్నాడు జశ్వంత్.

"శనివారం నాకు క్లాసుంది."

"అదే, ఒక్క పూట పర్మిషన్. నాకు సెలవే అనుకో, కానీ వారమంతా ఆ స్క్రీను ముందు కళ్ళు పోయాయి. శనివారం ఒక్కటే కదా కాస్త నిద్రపోయేది. అయినా అక్కడ వాళ్ళంతా నీకు అలవాటే. నాన్నకు కూడా నువ్వుంటేనే..."

సరే అన్న మాట నా నాలుక మీదికి వచ్చేసింది. బజ్జీ కారం కంటే ముందు వచ్చింది. నాకు నిజంగా కష్టం కాదు, మేనేజరు మంచివాడు, ఇస్తాడు. ఈ శనివారం ఇస్తాడు, పై శనివారం ఇస్తాడు, ఆ తర్వాత వారం శనివారం బ్యాచ్ వేరే ఎవరికో ఇస్తాడు. నేను మానేశానని ఎవరూ అనరు, నేను కూడా అనను. మూలన కూర్చున్న సక్కుబాయి నవ్వు అప్పుడు లేచి నిలబడింది. ఈ బల్ల దగ్గర ఇద్దరు మగవాళ్ళున్నారు. ఒకాయన కంచంలో అన్నం ఉంది, ఎవరైనా చెబితేగానీ చేయి లేవదు. రెండో అతని ఎదురుగా తన తండ్రి ఉన్నారు, ఎవరైనా చెబితేగానీ అతనికీ చేయి లేవదు. ఒకాయన స్కూటర్ మీంచి పడ్డారు. రెండో అతను ఎక్కడా పడలేదు, దేవుడి దయ వల్ల తలకు ఏ దెబ్బా తగల్లేదు. తగలకూడదు కూడా, నా బంగారం. కానీ ఇంత కాలం నేను కిక్ కొడుతున్నది ఒక బండికి కాదు. ఇదంతా అతనికి వివరించాలనిపించింది, నచ్చజెప్పాలనిపించింది, నవ్విస్తూ చెబితే వింటాడనిపించింది. చెబితే చేస్తాడు. అదే కదా గొడవ.

అందుకని ఏమీ చెప్పలేదు. ఆగాను.

సరే అనలేదు, కాదనలేదు, మజ్జిగ గిన్నె జరపలేదు. జశ్వంత్ నా జవాబు కోసం చూశాడు. నేను అతని కేసి మామూలుగా చూశాను, కళ్ళతో కూడా ఏమీ చెప్పకుండా. అతను "ఏంటి?" అన్నాడు. అత్తయ్యగారు నన్ను చూసి, కొడుకును చూసి, తెరిచిన నోరు మూసుకున్నారు. ఫ్యాను చప్పుడు పెద్దదైంది. మూడేళ్ళలో ఆ బల్ల దగ్గర ఎవరూ ఏమీ చెప్పని పూట బహుశా అదే.

ఆ నిశ్శబ్దంలో మామయ్యగారి చేయి కదిలింది.

జశ్వంత్ "నాన్నా..." అనబోయాడు. అత్తయ్యగారు అరచెయ్యి ఎత్తి అతన్ని ఆపేశారు. ఆయన పప్పు మధ్యలో గుంట చేసి, అన్నం కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. రెండో ముద్ద కలిపారు. చప్పట్లు కొడితే బెదిరిపోతారని నా రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకున్నాను. అప్పుడాయన తల ఎత్తి, ఎవరినీ కాకుండా, "ఉప్పు తక్కువైంది," అన్నారు.

అత్తయ్యగారు నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ, కళ్ళు ఒత్తుకుంటూ, "ఇన్నాళ్ళకు నోరు విప్పింది నా వంటకు వంక పెట్టడానికా అండీ," అన్నారు. వంట నాది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు, నేనూ గుర్తు చేయలేదు.

జశ్వంత్ నవ్వలేదు. తండ్రి చేతి కేసే చూస్తున్నాడు. ఆ చేయి ఉప్పు గిన్నె దాకా వెళ్ళి, చిటికెడు తీసుకుని, వెనక్కి వచ్చేదాకా చూశాడు. అప్పుడు, "రేపు నేను తీసుకెళ్తాను," అన్నాడు. ఆ వెంటనే, "ఏమేం పట్టుకెళ్ళాలో చెప్పు," అన్నాడు.

"చెప్పను," అన్నాను. "మీ నాన్నగారే కదా. నేను రాకముందు అన్నీ నీకు తెలుసు."

అతని ముఖం ఎర్రబడింది. కోపమేమో అనుకున్నాను. లేచి తన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి నా కంచం తీశాడు. నాకెంత సంతోషమేసిందంటే థాంక్స్ అనబోయాను. నా కంచం, అతని కంచం నేను తీసిన రోజుల్లో నాకెవరు థాంక్స్ చెప్పారని గుర్తొచ్చి, ఆ మాట మింగేసి, సంతోషం మాత్రం ఉంచుకున్నాను. వంటింట్లోంచి "రేపు క్లాసు ఎన్నింటికి సంయూ?" అని అడిగాడు. పొద్దున్నే వెళ్ళిపోతానని చెప్పాను.

అత్తయ్యగారు కుర్చీ వెనక్కి జరిపి నెమ్మదిగా లేచారు. అందరి కేసీ చూశారు, ఏదో అనాలా వద్దా అన్నట్టు. తర్వాత బెల్టు వదులు చేసుకుంటూ, "రేపు పొద్దున నన్నెవరూ లేపకండి," అన్నారు. "నాకు నేనుగా మెలకువ వచ్చినప్పుడే లేస్తాను."